తూముకి పైన వాళ్లు, కింద మనం: బోదె నీళ్లు కొట్లాట లేకుండా పంచుకోవడం ఎలా

కాలువకి నీళ్లు వదిలాక పెట్టుకునే మీటింగ్ మీటింగ్ కాదు, పంచాయితీ. అప్పటికే పైవాడు మడికి నీళ్లు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసేసుంటాడు, కిందవాడి నారు ముదిరిపోతుంటుంది, ఎవరి నోట్లోంచీ మంచి మాట రాదు. అందుకని ఇది చదివి ఏదైనా చేద్దామనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో, కాలువ కట్టేసి అడుగు కనపడుతున్నప్పుడే మొదలుపెట్టండి.

మాది కృష్ణా పశ్చిమ డెల్టా, గుంటూరు జిల్లా. ఒక మైనర్ (బ్రాంచి కాలువలోంచి చీలే చిన్న కాలువ) చివర నాలుగెకరాల సొంత మాగాణి, పక్కనే మూడెకరాల కౌలు. చివర అంటే నిజంగా చివరే, నా గట్టు దాటితే మురుగు కాలువ. చాలా ఏళ్లు "ఇదంతా గవర్నమెంటు చూసుకోవాలి" అని టీ కొట్టు దగ్గర తిట్టుకుంటూ కూర్చున్నాను. తర్వాత రెండేళ్లు "గవర్నమెంటుతో పనేంటి, మనమే చేసుకుందాం" అని ఊరంతా తిరిగి, చందాలు పోగేసి, జేసీబీ పెట్టి మైనర్‌లో పూడిక తీయించాం. ఆ ఏడాది తల దగ్గర షట్టరే సరిగా లేవలేదు, మా డబ్బులు బురదలో పోశాం. రెండు ఆలోచనలూ తప్పేనని అప్పుడు అర్థమైంది. ఏ పని ఎవరిదో ముందు గీత గీసుకోవాలి, ఆ గీత తూము దగ్గర గీసుకోవాలి. తూము అంటే మైనర్ గట్టులోంచి మన పొలాల వైపు నీళ్లు వదిలే తలుపు, అది దాటాక పొలాల్లోకి పారే చిన్న కాలువే బోదె.

ఎందుకంటే డెల్టా చెరువు లాంటిది కాదు. చెరువు కింద ఊరైతే తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో ఊరే చెప్పుకోగలదు, నీళ్లు కళ్లముందు ఉంటాయి కాబట్టి. మన నీళ్లు శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి రావాలి, 2015 నుంచి పట్టిసీమ పుణ్యమా అని గోదావరి నీళ్లూ వచ్చి కలుస్తున్నాయి. తూర్పు, పశ్చిమ డెల్టాలు రెండూ కలిపితే సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. 1855లో పాత ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇది సర్కారు కాలువే. ఏ బ్రాంచికి ఎన్ని క్యూసెక్కులు (సెకనుకి ఇన్ని ఘనపుటడుగులు అని లెక్క) వదలాలో మా ఊరి రచ్చబండ మీద తేలదు, తేలకూడదు కూడా. అలాగని మా తూము కింద అరవై ఎకరాల్లో రాత్రి రెండింటికి ఎవరి మడికి నీళ్లు పారుతున్నాయో చూడటానికి ఏఈ గారు, అంటే ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరు, రాలేరు. ఆయన కింద ఉన్న మైనర్లు లెక్కపెడితే ఆయన మీద జాలేస్తుంది. ఒకప్పుడు ప్రతి లాకు దగ్గరా నీళ్లు వదిలి కట్టే సర్కారు మనిషి, లస్కరు, ఉండేవాడు, ఇప్పుడు ఒక లస్కరు ఎన్ని కిలోమీటర్లు చూసుకుంటున్నాడో మీకూ తెలుసు.

కాబట్టి మా దగ్గర పెట్టుకున్న లెక్క ఇది. బ్రాంచి కాలువ, మైనర్, షట్టర్లు, తూము తలుపు, సిమెంటు కట్టడాలు, మైనర్‌లో మిషన్ పూడిక, ఇవన్నీ ఇరిగేషన్ శాఖ పని. వీటికి మనం రూపాయి పెట్టం, పెట్టించేదాకా వదలం. తూము దాటాక బోదె, బోదెలో గడ్డి, గట్లు, వంతులు, కావలి, తగాదాలు మనవి. వీటి కోసం అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళ్లం. మురుగు కాలువ మాత్రం పూర్తిగా వాళ్లదే. అందులో గుర్రపుడెక్క తీయడం ఊరి చందాలతో అయ్యే పని కాదు, ప్రయత్నించి నడుము విరగ్గొట్టుకోకండి.

మొదటి పని కాగితాలు

మీ తూము నంబరు ఎంత, అది కాలువ మీద ఎన్నో కిలోమీటరు దగ్గరుంది, దాని కింద ఎన్ని ఎకరాల ఆయకట్టు రాసుంది, ఎన్ని క్యూసెక్కులకి దాన్ని కట్టారు. ఈ నాలుగూ తెలియకుండా ఎవరితో మాట్లాడినా గాలిలో మాటే. సెక్షన్ ఆఫీసులో మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూపిస్తారు. చూపించకపోతే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పడేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, అందుకే మార్చిలోనే వేయండి.

మా కాగితం వచ్చాక ఒక విషయం బయటపడింది. మా తూము కింద రాసిన ఆయకట్టు యాభై రెండెకరాలు, పారుతున్నది అరవై. ఆ ఎనిమిదీ ఎవరివో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మెరక భూమి, పూర్వం మెట్ట, తర్వాత చదును చేసి వరిలోకి దింపారు. వాళ్లని తీసెయ్యాలని కొందరు ఎగిరారు. నేను వద్దన్నాను, ఎందుకంటే పక్కనే ఉన్నవాడికి నీళ్లు ఆపితే రాత్రిపూట గండి కొడతాడు, అప్పుడు పోయేది అందరి నీళ్లూ. చివరికి వాళ్లని వంతులోకి తీసుకుని, వాళ్ల వంతు అందరి తర్వాత పెట్టాం, కొరత వస్తే ముందు ఆగేది వాళ్లకే అని రాసి సంతకాలు తీసుకున్నాం. ఇది న్యాయమా అంటే పూర్తిగా కాదు, కానీ ఆ వైపు గండి మళ్లీ పడలేదు.

కాలువ వెంట నడక

1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం పుణ్యాన ప్రతి ఆయకట్టుకీ నీటి వినియోగదారుల సంఘం ఉంది. పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. మధ్యలో ఎన్నికలు లేక చాలాకాలం పడకేసింది, 2024 డిసెంబర్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టారు. సంఘం అనగానే "ఆ, వాళ్లదంతా కాంట్రాక్టే" అని చప్పరించేస్తారు జనం, అందులో నిజం లేకపోలేదు, దాని సంగతి కింద చెబుతాను. కానీ చట్టం ప్రకారం వంతుల ప్రణాళిక వేయడం, మరమ్మతుల జాబితా తయారు చేయడం, నీళ్ల తగాదా తీర్చడం సంఘం పనులే, మనం అడిగి చేయించుకోవచ్చు.

ఆ జాబితా తయారయ్యేది సంఘం వాళ్లూ ఏఈ గారూ కలిసి కాలువ వెంట నడిచినప్పుడు. ఈ నడకకి మీ తూము నుంచి కనీసం ఇద్దరు వెళ్లండి, ఒకరు తల వైపువాళ్లు, ఒకరు చివరివాళ్లు. జీపులో కట్ట మీద పోతూ చూడటం నడక కాదు, దిగమనండి. చేతిలో అడుగులు గుర్తుపెట్టిన ఒక వెదురు కర్ర, ఎర్ర పెయింటు డబ్బా. పూడిక ఉన్నచోట కర్ర దించి లోతు చూసి, పక్కన లైనింగ్ మీద పెయింటుతో నంబరు వేసి, కర్రతో సహా ఫోటో తీయండి. ఫోటోలో తేదీ పడేలా చూసుకోండి. మేం తీసిన వాటిలో ఒకచోట కర్ర రెండడుగులకి పైగా దిగింది. అక్కడ కట్ట మీద నిల్చుని చూస్తే మాత్రం కాలువ నున్నగా, అద్దంలా ఉంది, ఏ లోపమూ కనపడదు. పైన తూటుకాడ పెరిగితే అందరూ దాన్నే చూస్తారు, నీళ్లు తినేసేది మాత్రం అడుగున ఉన్న పూడిక.

పని మొదలయ్యాక ఎస్టిమేట్ కాపీ అడగండి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత లోతు అని ఉంటుంది. అదే నంబర్ల దగ్గర అదే కర్ర మళ్లీ దించండి. సంఘం ప్రెసిడెంటు గారే వేరే పేరు మీద పని చేయిస్తున్నా సరే, మీరు గొడవ పెట్టుకోనక్కర్లేదు, "అన్నయ్యా, పద్నాలుగో నంబరు దగ్గర ఇంకా అడుగున్నర దిగుతోంది, చూపిస్తా రా" అంటే చాలు. నలుగురి ముందు కర్ర దించితే ఎవరైనా మాట మార్చలేరు. ఒక ఏడాది మా దగ్గర బిల్లు అయిపోయాక తెలిసింది, అప్పుడు ఎంత అరిచినా లాభం లేకపోయింది. అందుకే ఎం-బుక్‌లో, అంటే బిల్లుకి ఆధారమైన కొలతల పుస్తకంలో, కొలతలు రాసే రోజు అక్కడ ఉండండి.

నీళ్లు కొలవడం

చాలామందికి దీని మీద చిన్నచూపు, "నీళ్లు కొలుస్తారా ఎవరైనా" అని నవ్వుతారు. కొలవకపోతే వంతు వేయలేరు. పరికరాలేం అక్కర్లేదు. బోదె తిన్నగా ఉన్నచోట వంద అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. సగం నీళ్లు పోసి మూత బిగించిన వాటర్ బాటిల్‌ని పై పుల్లకి కాస్త ముందే వదిలి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఎన్ని సెకన్లకి కింది పుల్ల దాటిందో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. వంద సెకన్లు పట్టిందనుకోండి, సెకనుకి ఒక అడుగు. బోదెలో నీళ్ల వెడల్పు మూడడుగులు, లోతు పది అంగుళాలైతే రెండున్నర చదరపుటడుగులు. రెండూ గుణించి, 0.85తో మళ్లీ గుణించండి, ఎందుకంటే పైనున్న నీళ్లు అడుగు నీళ్లకన్నా వేగంగా పోతాయి. సుమారు 2 క్యూసెక్కులు వచ్చింది.

ఇక గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఒక క్యూసెక్కు నీళ్లు గంటసేపు పారితే ఎకరంలో అంగుళం నిలబడతాయి. మా తూము కింద అరవై ఎకరాలు, ఒక తడికి రెండంగుళాలు కావాలంటే నూట ఇరవై, దాన్ని 2 క్యూసెక్కులతో భాగిస్తే అరవై గంటలు. అంటే ఎకరానికి గంట. మట్టి బోదె కాబట్టి ఇంకిపోయేదానికి పావుగంట కలిపాం. మొత్తం డెబ్బై అయిదు గంటలు, మూడు రోజుల పైన మూడు గంటలు. ఇప్పుడు శాఖవాళ్లు వంతులవారీగా నాలుగు రోజులు వదిలి నాలుగు రోజులు కడతామంటే కంగారు పడక్కర్లేదు, మన తడి అయిపోతుంది. రెండు రోజులే వదులుతామంటే మాత్రం వెళ్లి మాట్లాడాల్సిందే, అప్పుడు చేతిలో ఈ కాగితం ఉంటుంది. "నీళ్లు చాలట్లేదు సార్" అనడానికీ "తూముకి 2 రావాల్సింది 1.2 వస్తోంది సార్, ఇవిగో మూడు రోజుల కొలతలు" అనడానికీ ఎదుటాయన ముఖంలో తేడా మీరే చూస్తారు.

దమ్ముకి ఈ లెక్క సరిపోదు, దానికి నాలుగింతల దాకా నీళ్లు పడతాయి, అందుకే నాట్లు అందరూ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా వేసుకుంటే మంచిది. పొడి దుక్కిలో వెదజల్లే సాగు చేసేవాళ్లుంటే వాళ్లకి దమ్ము నీళ్లు అక్కర్లేదు, వంతు కలిసొస్తుంది.

వంతు ఎక్కడ మొదలవ్వాలి

చివరి నుంచి. ఇది ఒప్పించడానికే మాకు మూడు మీటింగులు పట్టింది. తల వైపువాడికి నీళ్లు ఎప్పుడైనా దొరుకుతాయి, వాడి వంతు చివర పెడితే అందరి తడీ అయ్యేదాకా వాడే లస్కర్ని పోరి నీళ్లు తెప్పిస్తాడు. చివరివాడి వంతు చివర పెడితే ఆ పోరు ఒక్కడిదే అవుతుంది.

పగలు, రాత్రి తిప్పండి. ఈ తడికి రాత్రి వచ్చినవాడికి వచ్చే తడికి పగలు రావాలి. చీటీలు వేస్తే ఎవరూ ఏమీ అనలేరు. కాగితం మీద పేరు, సర్వే నంబరు, మొదలయ్యే టైము, అయ్యే టైము రాసి, రైతు సేవా కేంద్రం గోడ మీద ఒకటి, తూము దగ్గర ప్లాస్టిక్ కవర్‌లో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి. వాట్సాప్‌లో మాత్రమే పెడితే పెద్దవాళ్లు చూడరు, చూసినా చూడలేదంటారు.

కౌలు రైతుని మర్చిపోకండి. మా తూము కింద సగం పైగా పండించేది కౌలుదార్లే, మీటింగుకి వచ్చేది మాత్రం విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండే భూమిగలాయన తరఫున ఆయన బావమరిది. ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఇద్దరూ ఉంటే కౌలుదారుకే ఆ స్థానం అని చట్టమే చెబుతోంది, ఆచరణలో కాగితం రాయరు కాబట్టి అది గాల్లో ఉంటుంది. సంఘం ఓటు సంగతి ఎలా ఉన్నా, బోదె మీద వంతు చీటీ మాత్రం చేలో దిగేవాడి పేరు మీదే రాయండి.

కావలి మనిషి

దీని మీద డబ్బు పెట్టకుండా మిగతావన్నీ చేసినా దండగ. 1970ల చివర్లో, 80ల మొదట్లో రాబర్ట్ వేడ్ అనే ఒక విదేశీ పరిశోధకుడు కర్నూలు వైపు కాలువ కింద ఊళ్లెన్నో తిరిగాడు. నీళ్లు పుష్కలంగా ఉండే తల ఊళ్లలో ఏ కట్టుబాటూ లేదు. కాలువ చివర, నీళ్లు వస్తాయో రావో అన్న ఊళ్లు మాత్రం సొంతంగా పెద్దల కమిటీ పెట్టుకుని, నీళ్లు కట్టే మనుషుల్ని జీతానికి పెట్టుకుని, కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మేపు హక్కు వేలం వేసి ఊరి ఖర్చులకి డబ్బు రాబట్టుకున్నాయి. సర్కారు చెప్పింది కాదు, చట్టమూ లేదు. అర్థశాస్త్రంలో 2009 నోబెల్ అందుకున్న ఎలినోర్ ఆస్ట్రమ్ కూడా నేపాల్‌లో రైతుల చేతిలో ఉన్న కాలువలు, సర్కారు చేతిలో ఉన్న కాలువలు పోల్చి చూసింది. మట్టితో రాళ్లతో కట్టుకున్న రైతుల కాలువల్లోనే చివరి పొలానికి నీళ్లు మెరుగ్గా అందాయి. అంతదూరం ఎందుకు, మన పెదనందిపాడు ఫిర్కాలో 1921-22లో బ్రిటిష్ సర్కారుకి పన్ను కట్టబోమని ఊళ్లకి ఊళ్లే ఒక్కమాట మీద నిలబడ్డాయి. వాళ్ల మునిమనవళ్లమే మనం, అరవై ఎకరాల బోదె మీద ఒక్కమాట మీదికి రాలేకపోతున్నాం.

మేం ఎకరానికి నూట యాభై వేశాం, పంట కాలానికి. ఇంటికింత అని కాదు, ఎకరానికింత. సర్కారుకి వరి తొలి పంట మీద ఎకరానికి 200 నీటి తీరువా కడుతున్నాం కదా, ఇదెందుకు అని ఒకాయన లేచాడు. తీరువా పై కాలువకి బాబాయ్, ఇది మన బోదెకి అంటే కూర్చున్నాడు. వచ్చిన తొమ్మిది వేలూ ఒక మనిషికి ఇచ్చాం. భూమి లేని మనిషినే పెట్టుకోండి, లేదా ఈ తూము కింద భూమి లేని మనిషిని. తన చేను ఉన్నవాడు ఎంత మంచివాడైనా చేయి అటే పోతుంది.

ఆ మొదటి ఏడాది ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ వచ్చింది. "అబ్బాయ్, నీళ్లు తగ్గినయ్, పైన ఎవడో కట్టాడు." వెళ్లేసరికి కావలి మనిషి బోదెలో మోకాటి లోతులో నిలబడి టార్చి వేస్తున్నాడు. రెండు మట్టి బస్తాలు అడ్డం పెట్టి, పైన తాటాకు కప్పి, పక్కన గట్టుకి జానెడు గండి. బస్తా మీద ఎరువు కంపెనీ పేరు, ఆ ఎరువు ఆ వారం కొన్నది ఎవరో మాకు తెలుసు. మా బంధువే, వరసకి అన్నయ్య. కావలి మనిషి బస్తాలు తీయలేదు, "మీరే రమ్మనండి, ఆయనే తీయాలి" అన్నాడు. ఫోన్ చేశాం. లుంగీ బిగించుకుంటూ వచ్చి, "ఏంట్రా, అర్ధరాత్రి పిలుస్తారు, పొద్దున చూసుకోకూడదా" అంటూనే దిగి తీశాడు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మర్నాడు రిజిస్టర్‌లో పేరు ఎక్కింది, రెండు వందలు జరిమానా, వచ్చే వంతు ఒక గంట కోత.

జరిమానా చిన్నదిగా పెట్టండి. అయిదువేలు అని రాసుకుంటే ఎవరూ వేయరు, వేసినా ఎవరూ కట్టరు, ఆ తర్వాత కాగితం మొత్తానికే విలువ పోతుంది. రెండోసారికి పెంచండి. మూడోసారి చేస్తే, లేదా ఎవరైనా మైనర్ లైనింగ్ పగలగొట్టినా షట్టర్ తాళం తీసినా అది ఊళ్లో తేల్చకండి, రాతపూర్వకంగా ఏఈకి ఇచ్చేయండి. అది శాఖ ఆస్తి, చట్టంలో దానికి శిక్ష ఉంది, అన్నదమ్ముల మధ్య ఆ శత్రుత్వం మనం మోయక్కర్లేదు.

ఆయిల్ ఇంజిన్లు

కాలువలో నేరుగా ఇంజిన్ పెట్టి తోడేవాళ్ల గురించి అందరూ అడుగుతారు. తూము పైన పెట్టాడంటే అది శాఖ పరిధి, ఫోటోతో ఫిర్యాదు. తూము కింద మన బోదెలో పెట్టాడంటే వాడి వంతు గంటల్లోనే పెట్టుకోనివ్వండి, మెరక చేను అయితే పాపం తప్పదు. వంతు దాటి నడిస్తే కావలి మనిషి ఆపేస్తాడు అని ముందే రాసుకోండి. డీజిల్ ఖర్చు వాడిదే.

ఎత్తిపోతల పథకాల కింద ఉన్నవాళ్లకి పై లెక్కంతా వర్తిస్తుంది కానీ ఒక్క తేడా. అక్కడ తూము బదులు మోటారు. సర్కారు కట్టించి రైతు సంఘానికి అప్పగించిన పథకాలు మూలపడటానికి మామూలుగా కారణం మోటారు కాలడమో ట్రాన్స్‌ఫార్మర్ పోవడమో, అప్పుడు చేతిలో డబ్బు లేకపోవడం. పంట అమ్మిన వారంలోనే ఎకరానికింత అని వసూలు చేసి బ్యాంకులో ఇద్దరి సంతకంతో ఉంచండి, కాలిన రోజున అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇంకో చిన్న సంగతి, చివరివాళ్ల కోసం. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపుకి కింది భాగమంతా చిల్లులు పెట్టి, చిల్లులున్న భాగం మట్టిలోకి పోయేలా మడిలో పాతి లోపలి మట్టి తీసేయండి. అందులో నీళ్లు నేలమట్టానికి ఆరంగుళాలు కిందికి దిగేదాకా పైరుకి ఏమీ కాదు, మడిలో నీళ్లు కనపడట్లేదని టెన్షన్ పడక్కర్లేదు. పూత సమయంలో మాత్రం ఈ ప్రయోగం ఆపి రెండంగుళాలు నిలబెట్టండి. ఈ పైపు పెట్టాక మా చివరి పది ఎకరాల వాళ్లు ఒక వంతు వదులుకోగలిగారు. ఆ వంతు ఎవరికిచ్చారో రిజిస్టర్‌లో ఉంది, లుంగీ అన్నయ్యకే.